శాతం సరేనండి, గోడ సంగతేంటి?

మెడ డాప్లర్ (మెడ రక్తనాళాలకి చేసే అల్ట్రాసౌండ్) రిపోర్టు చేతికి రాగానే మనోళ్ళు వెతికేది ఒకటే, అంకె. పేజీ నిండా ఏం రాసున్నా అనవసరం, "బ్లాకు ఎంత శాతమండి?" అంతే. ముప్పై అంటే మొహం విచ్చుకుంటుంది, డెబ్బై అంటే అక్కడే బెంచీ మీద కూలబడిపోతారు. నేను భీమవరంలో ఒక స్కానింగ్ సెంటర్లో ఎమ్మారై టెక్నీషియన్ని. రిపోర్టు రాసేది నేను కాదు, బొమ్మలు తీసేవాణ్ణి. కానీ రిపోర్టు తీసుకుని డాక్టరు గారి దగ్గరికి వెళ్ళేలోపు మధ్యలో దొరికే మనిషిని నేనే కాబట్టి ఈ ప్రశ్న నాకు తగిలినన్ని సార్లు డాక్టర్లకి కూడా తగిలి ఉండదు.

ఈ మధ్య రక్తనాళాల గోడని ఎమ్మారైలో ఎలా చూడాలి అన్నదాని మీద ఒక ఆన్‌లైన్ క్లాసు విన్నాను. అందులో చెప్పిన సీక్వెన్సులు, అంటే ఎమ్మారైలో బొమ్మ తీసే పద్ధతులు, సగం మా మెషీన్లో ఉన్నవే, అడిగేవాళ్ళు లేక పడున్నాయి. అది విన్నాక చాన్నాళ్ళుగా మనసులో నలుగుతున్న మాట ఒకటి తేటపడింది, దాన్నే ఇక్కడ రాస్తున్నాను. ఆ శాతం అనే అంకె పుట్టింది ఎవరికి ఆపరేషన్ చేస్తే లాభమో తేల్చడానికి. ఎవరికి భయం లేదో చెప్పడానికి కాదు. మనం దాన్ని రెండో పనికి వాడేస్తున్నాం, అదీ మహా ధీమాగా.

అంకె ఎక్కణ్ణించి వచ్చింది

1991లో ఉత్తర అమెరికాలో నాసెట్ అనే పెద్ద ట్రయల్ ఫలితాలు వచ్చేయి. అప్పటికే చిన్నదో పెద్దదో స్ట్రోక్ లక్షణం కనపడి, మెడలో మెదడుకి రక్తం తీసుకెళ్ళే కెరోటిడ్ నాళం 70 నుంచి 99 శాతం సన్నబడ్డవాళ్ళని తీసుకుని, కొందరికి మందులు మాత్రమే ఇచ్చేరు, కొందరికి మందులతో పాటు ఆపరేషన్ చేసి లోపల పేరుకున్నది తీసేసేరు. రెండేళ్ళు తిరిగేసరికి అదే వైపు స్ట్రోక్ వచ్చింది మందుల వాళ్ళలో 26 శాతం మందికి, ఆపరేషన్ వాళ్ళలో 9 శాతం మందికి. అంత తేడా కనపడితే ఎవరైనా ఆ అంకెని నమ్ముతారు, నమ్మాలి కూడా. తర్వాత 1998లో అదే ట్రయల్ నుంచి ఇంకో ఫలితం, 50 శాతం లోపు సన్నబడ్డ వాళ్ళకి ఆపరేషన్ వల్ల లాభం లేదని.

ఆపరేషన్ వల్ల లాభం లేదు. వాళ్ళన్నది అంతవరకే. ఆ మాట సముద్రాలు దాటి, పెద్దాసుపత్రులు దాటి, మన ఊరి ఆర్‌ఎంపీ గారి నోట్లోకి వచ్చేసరికి "యాభై లోపు అయితే ఏం పర్లేదు" అయి కూర్చుంది.

పోనీ ఆ శాతమైనా రాతి మీద చెక్కిందా అంటే అదీ కాదు. నాసెట్ వాళ్ళు సన్నబడ్డ చోటి వెడల్పుని ఇంకాస్త పైన బాగున్న నాళం వెడల్పుతో పోల్చేరు. అదే రోజుల్లో ఐరోపాలో జరిగిన ట్రయల్ వాళ్ళేమో జబ్బున్న చోటే నాళం అసలు ఎంత వెడల్పు ఉండి ఉండాలో అంచనా కట్టి దాంతో పోల్చేరు. మెడ ఒకటే, నాళం ఒకటే, నాసెట్ లెక్కలో 50 శాతం అయితే ఐరోపా లెక్కలో డెబ్బై పైచిలుకు. ఇక డాప్లర్ అయితే చాలావరకు రక్తం ఎంత వేగంగా పోతోందో చూసి దాన్నిబట్టి శాతం అంచనా వేస్తుంది. ఇవన్నీ పనికొచ్చే లెక్కలే, నేను కాదనట్లేదు. ముప్పై అనగానే మొహం విచ్చుకునేంత గట్టి అంకె కాదంటున్నానంతే.

ఇంతకంటే ముందే, 1987లో, షికాగోలో గ్లాగోవ్ అనే పాథాలజిస్టు తన వాళ్ళతో కలిసి చనిపోయిన వాళ్ళ గుండెలు 136 తీసుకుని ఎడమ వైపు ముఖ్యమైన నాళాన్ని అడ్డంగా కోసి కొలిచేడు. లోపల కొవ్వు పేరుకుంటుంటే నాళం ఊరికే చూస్తూ కూర్చోదు, బయటి వైపుకి పెరుగుతుంది, రక్తం పోయే దారి తగ్గకుండా కాచుకుంటుంది. నాళం లోపలి జాగాలో సుమారు 40 శాతం పేరుకునేదాకా దారి సన్నబడటం మొదలవ్వదని ఆయన తేల్చేడు. గుండె నాళాల్లో చూసిన ఈ పోకడే మెడ నాళాల్లో కూడా కనపడింది. అంటే దారి మాత్రమే చూపించే బొమ్మలో, అది డాప్లర్ అంకె అవనీ యాంజియో అవనీ, "నార్మల్" అని వచ్చినవాడి గోడలో జబ్బు దండిగా ఉండొచ్చు.

ఇది మనకి అర్థం కానిదేం కాదు, అసలు మనకే బాగా అర్థమవ్వాలి. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది, వరదొచ్చిందంటే చిన్నపిల్లలకి కూడా ఈ అంకెలు నోటికొచ్చేస్తాయి. కానీ ఏటిగట్టు పక్కన పుట్టినవాడెవడూ అంకె విని పడుకోడు. గండి పడేది ఎలకలు బొరియలు తవ్విన చోట, అవతలి వైపు ఊట కక్కుతున్న చోట. 1986 వరద చూసిన మా పెదనాన్న ఇప్పటికీ ఆగస్టు నెలలో నీళ్ళెంత వచ్చేయని అడగడు, గట్టు ఎలా ఉంది అని అడుగుతాడు. అందుకే కదా ఇసుక బస్తాలు దగ్గర పెట్టుకుని రాత్రుళ్ళు టార్చిలైట్లతో గట్టెమ్మట తిరుగుతారు. శాతం అంటే ధవళేశ్వరం అంకె. నేను చెప్పే స్కాను గట్టెమ్మట తిరగడం.

రక్తాన్ని నల్లగా చెయ్యడం

మామూలు ఎమ్మారై యాంజియోలో కదిలే రక్తం తెల్లగా మెరుస్తుంది, చుట్టూ ఉన్నదంతా మసకేసిపోతుంది. దారి చూడ్డానికి అది బ్రహ్మాండంగా ఉంటుంది, గోడ చూడ్డానికి మాత్రం పనికిరాదు. గోడ కనపడాలంటే తిరకాసు చెయ్యాలి, రక్తాన్ని నల్లగా చేసి గోడని వెలిగించాలి. దీన్నే బ్లాక్ బ్లడ్ ఇమేజింగ్ అంటారు.

పాత పద్ధతి డబుల్ ఇన్వర్షన్. మొదటి పల్సుతో, అంటే రేడియో తరంగంతో, శరీరంలో ఆ భాగమంతా అయస్కాంత దిశ తిరగేస్తారు, వెంటనే రెండో పల్సుతో మనం చూడాలనుకున్న సన్నటి ముక్కని మాత్రం మళ్ళీ మామూలుగా తిప్పేస్తారు. ముక్క బయట ఉన్న రక్తం తిరగబడే ఉంటుంది కదా, అది మెల్లగా మామూలుకి వస్తూ మధ్యలో ఒక క్షణం దాని సిగ్నల్ సరిగ్గా సున్నా అవుతుంది. ఆ లోపు గుండె కొట్టుకుని ఆ రక్తమే మన ముక్కలోకి వచ్చి చేరుతుంది. ఆ క్షణంలో బొమ్మ తీస్తే రక్తం నల్లగా, గోడ వెలుగ్గా. వినడానికి ఎంత తేలికో తీయడానికి అంత నస, ఎందుకంటే ఒక్కో ముక్కా విడివిడిగా, గుండె లయని బట్టి తీసుకోవాలి, గుండె లయ తప్పినవాళ్ళకైతే ఇక చెప్పక్కర్లేదు.

ఇప్పుడు అంత అవస్థ లేదు. త్రీడీ సీక్వెన్సులు వచ్చేయి, సీమెన్స్ వాళ్ళు స్పేస్ అంటారు, జీఈ వాళ్ళు క్యూబ్ అంటారు, ఫిలిప్స్ వాళ్ళు విస్టా అంటారు, పేర్లు మూడైనా కిటుకు దాదాపు ఒకటే. వరసగా బోలెడు పల్సులు పంపుతారు, కదలని గోడ వాటికి లయగా జవాబిస్తుంది, కదిలే రక్తం లయ తప్పి సిగ్నల్ పోగొట్టుకుంటుంది. రక్తం మరీ మెల్లగా కదిలే చోట ఇది చాలదు, అప్పుడు ముందు డాంటే అనే ఇంకో పల్సుల వరస తగిలిస్తారు. మొత్తం ఐదు నుంచి పది నిమిషాల పని. బొమ్మలో ఒక్కో చుక్క అర మిల్లీమీటరు ఉండేలా తీస్తే మెడ రెండు వైపులా ఒకేసారి వచ్చేస్తుంది, తర్వాత కంప్యూటర్లో ఎటు కావాలంటే అటు కోసి చూసుకోవచ్చు.

అన్నిటికంటే నాకు ముచ్చటేసేది రక్తస్రావం పట్టే సీక్వెన్సు. పేరుకున్న కొవ్వు గడ్డ లోపల చిన్న చిన్న కొత్త నాళాలు పుడతాయి, అవి బలహీనంగా ఉండి చిట్లుతాయి, గడ్డ లోపలే రక్తం చేరుతుంది. ఆ రక్తంలో హిమోగ్లోబిన్ మారిపోయి మెత్ హిమోగ్లోబిన్ అవుతుంది, దానికి టీ1, అంటే పల్సు తర్వాత అయస్కాంత దిశ మామూలుకి రావడానికి పట్టే సమయం, తక్కువ, కాబట్టి ఆ తేడా తేలేలా (టీ1 వెయిటెడ్) పెట్టి కొవ్వుని అణిచేసి తీస్తే ఆ చోటు తెల్లగా వెలుగుతుంది. ఎంపీరేజ్ అని మెదడు కోసం ఎప్పణ్ణించో వాడే సీక్వెన్సునే కాస్త మార్చి మెడకి పెడితే సరిపోతుంది. కొద్ది నిమిషాలు పడుతుంది, ఇంజెక్షన్ అక్కర్లేదు. కిడ్నీలు దెబ్బతిన్నవాళ్ళకి గెడోలీనియం కాంట్రాస్టు (బొమ్మ వెలగడానికి నరంలోకి ఎక్కించే మందు) ఇవ్వడానికి డాక్టర్లు ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తారు, దీనికి ఆ గొడవే లేదు.

కాంట్రాస్టు ఇస్తే ఇంకొన్ని తెలుస్తాయి. గడ్డ మీద కప్పిన పీచు పొర వెలుగుతుంది, లోపలి కొవ్వు ముద్ద వెలగదు, గోడకి వాపు ఉంటే అదీ వెలుగుతుంది. కాల్షియం మాత్రం అన్ని సీక్వెన్సుల్లోనూ నల్లగానే ఉంటుంది, దానికి సీటీయే మేలు.

ఇక్కడ ఒక చిక్కు చెప్పాలి, యంత్రం చెయ్యలేని పని. మింగకుండా ఉండటం. మెడ స్కాన్లో మింగితే గొంతు కదిలి బొమ్మ చెడిపోతుంది. "బాబాయ్ గారూ, ఐదు నిమిషాలు ఉమ్మి మింగకండి" అన్నామా, పొద్దుట్నించీ ఒక్కసారి మింగని మనిషి సరిగ్గా అప్పుడే గుటకలేస్తాడు. అందుకే నేను ఆ మాట చెప్పడం మానేసేను, దవడలు వదులుగా పెట్టి గాలి మెల్లగా పీల్చండి అంటున్నాను, అది కాస్త నయం. వక్కపలుకులు నోట్లో దాచుకుని లోపలికొచ్చే పెద్దోళ్ళ సంగతి వేరే పోస్టు రాయాలి.

కొంతమంది "ఎలాగూ చేస్తున్నారుగా, గుండె బ్లాకులు కూడా చూసెయ్యండి" అంటారు. కుదరదండి. గుండె నాళాలు సన్నం, పైగా గుండె కొట్టుకుంటుంది, ఊపిరితో పైకీ కిందకీ కదులుతుంది. అక్కడ గోడని ఎమ్మారైతో చూసే ప్రయత్నాలు 2000 సంవత్సరం నించీ జరుగుతున్నాయి గానీ మా బోటి సెంటర్ల దాకా వచ్చే సరుకు కాదది.

ముగ్గురు మనుషులు

వివరాలు కొన్ని మార్చి చెబుతున్నాను. ఉండి వైపు చెరువుల రైతు ఒకాయన, యాభై దాటినాయన. మేత బస్తా ఎత్తబోతుంటే కుడి చెయ్యి పట్టు తప్పింది, మాట కాస్త తడబడింది, అరగంటలో అంతా సర్దుకుంది. కుడి చెయ్యిని నడిపేది మెదడు ఎడమ వైపు కాబట్టి చూడాల్సింది ఎడమ మెడ, డాప్లర్లో అక్కడ 35 శాతం. ఆపరేషన్ అవసరం లేదు, మాత్రలు జీవితాంతం వాడాలి అని చెప్పేరంట. ఆయన మొదటి ముక్క విన్నాడు, రెండోది వినలేదు. కొన్నాళ్ళు వాడి, ఆస్పిరిన్‌తో కడుపులో మంటొస్తోందని ఆపి, దాంతోపాటు కొవ్వు మాత్ర కూడా ఆపేసేడు. "ముప్పై అయిదే కదండీ" అని వాళ్ళావిడ నాతో అన్నప్పుడు ఆయన స్ట్రెచర్ మీద ఉన్నాడు, కుడి పక్క పడిపోయి, మాట పోయి. అప్పుడు మా రేడియాలజిస్టు గారు మెదడుతో పాటు మెడకి ఆ టీ1 సీక్వెన్సు కూడా పెట్టమన్నారు. ఎడమ కెరోటిడ్ రెండు పాయలయ్యే చోట గడ్డ మధ్యలో తెల్లగా, కొట్టొచ్చినట్టు. దారి మాత్రం అప్పుడూ నలభై లోపే.

రెండో మనిషి లంక ఊరి నుంచి వచ్చిన అమ్మాయి, పాతికేళ్ళు కూడా లేవు. బట్టలు పిండుతుంటే ఎడమ చెయ్యి లాగేస్తోందని వచ్చింది. ఊళ్ళో బీపీ చూస్తే ఎడమ చేతిలో దొరకలేదంట, మెషీన్ పాడైందనుకుని వేరే మెషీన్ తెచ్చి చూసేరంట, అదీ చూపించలేదంట. యాంజియోలో ఎడమ భుజానికి వెళ్ళే నాళం సన్నబడింది. ఆ ఒక్క బొమ్మతో "బ్లాకు" అని రాసి పంపెయ్యొచ్చు. గోడ చూస్తే ఆ నాళానికే కాదు, దారి ఏమాత్రం తగ్గని బృహద్ధమని గోడ కూడా చుట్టూ దళసరెక్కి వెలుగుతోంది. టకయాసు ఆర్టరైటిస్, 1908లో జపాన్ కంటి డాక్టరు టకయాసు ఒక పేషెంటు కంట్లో మార్పులు చూసి మొదట చెప్పిన జబ్బు, మన దేశంలో కూడా వయసులో ఉన్న ఆడపిల్లల్లో కనపడుతుంది. దీనికి మందు కొవ్వు మాత్ర కాదు, స్టెరాయిడ్లు, చూడాల్సింది రుమటాలజిస్టు (ఇలాంటి వాపు జబ్బుల డాక్టరు).

మూడో అతను కుర్రాడే, సెలూన్లో కటింగ్ అయ్యాక మెడ టక్కుమనిపించుకుని వచ్చిన వారంలోనే కళ్ళు తిరిగి, మాట ముద్దయింది. వెనక మెడ నాళం సన్నబడింది, గోడ బొమ్మలో నెలవంక ఆకారంలో రక్తం. గోడ పొరలు చీలి మధ్యలోకి రక్తం దూరింది. ఇతనికి కొలెస్ట్రాలూ లేదు, షుగరూ లేదు. సెలూన్లో మెడ విరిపించుకునే అన్నదమ్ములందరూ కాస్త ఆలోచించండి, డిసెక్షన్ అంటారు దీన్ని, మెడ మెలితిప్పాక ఇది వచ్చిన కేసులు పుస్తకాల్లో ఉన్నాయి.

ముగ్గురికీ రిపోర్టులో "సన్నబడింది, ఇంత శాతం" అని రాస్తే తప్పు కాదు. కానీ ముగ్గురూ ఒకటే అయిపోతారు.

"చూసి ఏం చేస్తావు?"

మా రేడియాలజిస్టు గారితో ఈ మాటంటే ఆయన నవ్వేరు. "ఏవయ్యా, చూశావే అనుకో, ఏం చేస్తారు? ఆస్పిరిన్, స్టాటిన్ (అదే కొవ్వు మాత్ర), బీపీ మాత్ర. చూడలేదనుకో, ఏం చేస్తారు? ఆస్పిరిన్, స్టాటిన్, బీపీ మాత్ర."

దీనికి జవాబు తేలిక కాదు. చెరువుల రైతు విషయంలో ఆయన మాటే నిజం. మొదటిసారే గోడ స్కాన్ తీసి ఉంటే ఆయనకి రాసే మందులు పెద్దగా మారేవి కావు, ఆ మందులు ఆయనకి రాసే ఉన్నాయి కూడా. సన్నబడింది 35 శాతమే అయినా లోపల రక్తస్రావం ఉంది కాబట్టి ఆపరేషన్ చెయ్యాలి అని తేల్చిన పెద్ద ట్రయల్ లేదు. మెదడు లోపలి నాళాల విషయంలో అయితే తొందరపాటు ఎంత చేటో 2011లో శాంప్రిస్ ట్రయల్ చూపించింది, స్టెంట్ వేసినవాళ్ళలో నెల లోపు స్ట్రోకో చావో 14.7 శాతం మందికి, గట్టిగా మందులిచ్చిన వాళ్ళలో 5.8 శాతం మందికి. బొమ్మలో ఏదో కనపడిందని వైర్లు పట్టుకుని లోపలికి దూరిపోవడం ఎప్పుడూ మంచిది కాదు.

అయినా నేను పూర్తిగా ఒప్పుకోను. 2020లో వచ్చిన ఒక విశ్లేషణ ఉంది, చాలా చోట్ల తీసిన కెరోటిడ్ ఎమ్మారైలని ఒకచోట చేర్చి చూసింది. అప్పటికే లక్షణాలు కనపడి, 50 శాతం లోపు మాత్రమే సన్నబడ్డ వాళ్ళలో, అంటే మనం "ఏం పర్లేదు" అని పంపించే వాళ్ళలో, గడ్డలో రక్తస్రావం ఉన్నవాళ్ళకి అదే వైపు స్ట్రోక్ ఏడాదికి 9 శాతం, లేనివాళ్ళకి 0.7 శాతం. మొత్తం మనుషులు కొన్ని వందలే, అది ఒప్పుకుంటాను. కానీ పది రెట్ల పైన తేడా. ఇద్దరికీ డాప్లర్ ఒకే అంకె ఇస్తుంది, ఇద్దర్నీ ఒకే మాట చెప్పి ఇంటికి పంపుతాం. ఇది నాకు సబబుగా అనిపించదు. మందు అదే అయినా, ఎన్నాళ్ళకి మళ్ళీ చూడాలి, కొవ్వు ఎంత దాకా దించాలి, మాత్ర మానేస్తే ఫోన్ చేసి తిట్టాల్సిన పేషెంటు ఎవరు, ఇవన్నీ మారతాయి కదా. 2024లో వచ్చిన ప్లాక్ రాడ్స్ అనే పద్ధతిలో రిపోర్టు వర్గాలు శాతాన్ని బట్టి కాదు, గోడ మందం 3 మిల్లీమీటర్లు దాటిందా లేదా, లోపల రక్తస్రావం ఉందా, పైపొర చిరిగిందా అన్నదాన్ని బట్టి. అంటే పెద్దవాళ్ళు కూడా ఇటే కదులుతున్నారు.

ఇంకోటి, స్ట్రోకుల్లో సుమారు నాలుగో వంతు మందికి కారణం దొరకదు. అన్ని టెస్టులూ చేసి, గుండె చూసి, మెడ చూసి, "తెలియలేదు" అని రాస్తారు. మెడలో చూసింది దారి మాత్రమే అయినప్పుడు ఆ "తెలియలేదు" నాకు కొంచెం అనుమానంగానే ఉంటుంది. అదీగాక ఆసియా వాళ్ళలో మెడ కంటే మెదడు లోపలి నాళాల్లో కొవ్వు పేరుకోవడం ఎక్కువ, అక్కడ డాప్లర్ ఎలాగూ సరిగ్గా అందదు. లోపల ఒక నాళం సన్నబడి కనపడితే అది కొవ్వా, వాపా, చీలికా చెప్పగలిగేది గోడ బొమ్మే. కొవ్వు సాధారణంగా ఒక పక్కకి ఒరిగి పేరుకుంటుంది, వాపు జబ్బయితే చుట్టూ సమంగా వెలుగుతుంది.

ఆయన ఇంకో బాణం కూడా వదిలేరు. బొమ్మ చూస్తే జనం మాత్రలు వేసుకుంటారన్న భ్రమేంటయ్యా అని. దీనికి మాత్రం నా దగ్గర సరుకుంది. స్వీడన్‌లో విప్‌విజా అని ఒక ట్రయల్, 2019లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది, మూడున్నర వేల మందిలో సగం మందికి వాళ్ళ మెడ నాళం బొమ్మ రంగులేసి పంపించి, నర్సుతో ఫోన్ చేయించేరు, సగం మందికి పంపలేదు. ఏడాది తర్వాత బొమ్మ చూసినవాళ్ళ గుండెజబ్బు రిస్కు స్కోరు మిగతావాళ్ళ కంటే తగ్గింది. ఇది విని ఆయన ఒక్క క్షణం ఆలోచించి, "అది అల్ట్రాసౌండ్ కదా? ఎమ్మారై ఎందుకు మరి?" అన్నారు. నిజమే, దానికి నా దగ్గర జవాబు లేదు. మనిషికి భయం చెప్పడానికే అయితే అల్ట్రాసౌండ్లో గోడ మందం చూపిస్తే చాలు, దానికి పావు వంతు ఖర్చు కూడా అవ్వదు.

ఎవరికి వద్దు

అందుకే నా వాదన అందరికీ గోడ స్కాన్ చెయ్యమని కాదు. ఈ మాట గట్టిగా చెప్పకపోతే రేపే ఎవడో "సంక్రాంతి ఆఫర్, మెడ నరాల గోడ స్కాన్" అని ఫ్లెక్సీ కట్టేస్తాడు, మన దగ్గర ఫ్లెక్సీకి తక్కువేముంది. ఏ లక్షణం లేని నలభై ఏళ్ళవాడిని గొట్టంలో పడుకోబెట్టి గోడలు వెతికితే ఏదో ఒకటి కనపడుతుంది, వయసుతో పాటు అందరికీ ఎంతో కొంత ఉంటుంది. ఆ తర్వాత వాడికి నిద్ర పట్టదు, ఇంకో నాలుగు టెస్టులు. వాడికి కావాల్సింది బీపీ చూడటం, షుగర్ చూడటం, చుట్ట మానడం.

పైగా ఈ బొమ్మలు మోసం చేస్తాయి, అది తీసేవాడిగా నాకు బాగా తెలుసు. కెరోటిడ్ రెండు పాయలయ్యే చోట రక్తం సుడి తిరిగి నెమ్మదిస్తుంది, అక్కడ రక్తం పూర్తిగా నల్లబడక గోడకి మందం వచ్చినట్టు కనపడుతుంది. మెదడు లోపలి నాళం వెడల్పే మూడు మిల్లీమీటర్ల చిల్లర, దాని గోడ పావు మిల్లీమీటరు. మన చుక్కేమో అర మిల్లీమీటరు. అంటే బొమ్మలో కనపడే మందం అసలు మందం కంటే ఎప్పుడూ ఎక్కువే. పక్కనే ఆనుకుని పోయే సిర వెలిగితే దాన్ని గోడ వాపు అనుకోవచ్చు. మెదడు లోపలికి త్రీ టెస్లా మెషీన్ ఉంటేనే మంచిది (టెస్లా అంటే అయస్కాంతం బలం కొలత), మెడకైతే ఒకటిన్నర టెస్లాలో మంచి మెడ కాయిల్, అంటే మెడ దగ్గర సిగ్నల్ పట్టే పరికరం, ఉంటే పని నడుస్తుంది. అన్నిటికంటే ముందు, చదవడం వచ్చిన కన్ను ఉండాలి. అది లేకుండా సీక్వెన్సు పెడితే పేషెంటుకి పది నిమిషాల చప్పుడు తప్ప ఏం మిగలదు.

కాబట్టి ఎవరికంటే, నా లెక్కలో వీళ్ళకి. స్ట్రోకో, వచ్చి పోయే చిన్న స్ట్రోకో వచ్చి, అదే వైపు మెడలో గడ్డ ఉండి, శాతం మాత్రం 50 లోపు ఉన్నవాళ్ళు. కారణం తెలియని స్ట్రోక్ వాళ్ళు. వయసులో ఉండి బీపీ, షుగరు లేకుండా నాళం సన్నబడినవాళ్ళు. మందులు సరిగ్గా వాడుతున్నా మళ్ళీ వచ్చినవాళ్ళు. ఇంతే. మా సెంటర్‌కి వచ్చే స్ట్రోక్ కేసుల్లో వీళ్ళు కొద్దిమందే, వాళ్ళు ఎలాగూ మెదడు ఎమ్మారైకి గొట్టంలో పడుకునే ఉంటారు. లేపకుండా అక్కడే మెడకి ఇంకో సీక్వెన్సు పెట్టడమే మనం అదనంగా చేసేది.

మందు పని చేస్తోందో లేదో కూడా గోడలోనే ముందు తెలుస్తుంది, ఇది నాకు చాలా నచ్చిన సంగతి. 2001లో సిమ్వాస్టాటిన్ ఇచ్చి 18 మందిని ఎమ్మారైతో చూస్తూ వచ్చేరు. ఏడాదికి గోడ మందం తగ్గింది, దారి మాత్రం మారలేదు. అంటే వాళ్ళకి యాంజియో చేసి ఉంటే "ఏమీ తేడా లేదు" అని రాసేవారు, వాళ్ళలో సగం మంది మాత్ర దండగనుకునేవారు. అందరికీ ఏడాదికోసారి స్కాన్ చెయ్యాలని కాదు. శాతం తగ్గలేదని మాత్ర ఆపేసేవాళ్ళకి ఈ సంగతి చెప్పొచ్చు, నేను చెబుతున్నాను కూడా, టెక్నీషియన్ చెప్పకూడదంటే ఏమో గానీ.

మా రేడియాలజిస్టు గారు చివరికి ఒక మెట్టు దిగేరు. కాంట్రాస్టు లేని టీ1 సీక్వెన్సు ఒక్కటి, లక్షణాలున్న ప్రతి మెడకీ పెట్టమన్నారు, మిగతావి ఎవరైనా అడిగితేనే. సగం బేరం అయినా నాకు సంతోషమే. ఈ చుట్టుపక్కల ఊళ్ళ డాక్టర్లు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక మనవి సార్. స్లిప్పు మీద "ఎమ్మారై బ్రెయిన్" అని ఒక్క ముక్క రాసి పంపకుండా ఏ వైపు చెయ్యి పడింది, ఎంతసేపట్లో సర్దుకుంది, మాత్రలు వాడుతున్నాడా మానేసేడా, క్రియాటినిన్ (కిడ్నీ టెస్టు) ఎంత, ఈ నాలుగూ రాయండి. మేం కుడి వైపు వెతకాలా ఎడమ వైపు వెతకాలా అన్నది ఆ గీతల్లోనే ఉంటుంది, పేషెంటుని అడిగితే సగం మంది ముందు నొప్పి లేని చెయ్యే చూపిస్తారు.